పెంపుడు కోళ్ళ ఈకల శుభ్రత

పెంపుడు కోళ్ళ ఈకల శుభ్రత అనగా పెరటిలో గాని, ప్రదర్శనల కొరకు గాని పెంచే కోళ్ళ ఈకలను మురికి, పెంట, పరాన్నజీవులు లేకుండా ఉంచే పద్ధతుల సముదాయము. ఇందులో రెండు భాగాలున్నాయి. మొదటిది కోడి తనంతట తాను చేసుకునే శుభ్రత: ముక్కుతో ఈకలు దువ్వుకోవడం, మట్టిలో పొర్లడం, ఏటా పాత ఈకలు రాల్చుకోవడం. రెండవది మనిషి చేసే శుభ్రత: మురికి పట్టిన భాగాన్ని కడగడం, అవసరమైనపుడు పూర్తి స్నానం చేయించడం, పేలను నివారించడం. ఆరోగ్యంగా తిరిగే కోడికి మామూలుగా నీటి స్నానం అవసరం లేదు. అనవసరంగా గాని, సరిగా ఆరబెట్టకుండా గాని కడిగితే కోడి చలికి గురై చనిపోవచ్చు. మరొకవైపు, కడగవలసిన సమయంలో అశ్రద్ధ చేసినా ప్రాణాపాయమే. కాబట్టి ఎప్పుడు కడగాలి, ఎప్పుడు కడగకూడదు అనేది తెలిసి ఉండటం కోళ్ళ పెంపకంలో ముఖ్యమైన విషయము.

ఈక నిర్మాణము

కోడి (శాస్త్రీయ నామం: గాలస్ గాలస్ డొమెస్టికస్) ఈకలు కెరటిన్ అనే మాంసకృత్తుతో ఏర్పడతాయి. మనిషి గోళ్ళు, వెంట్రుకలు కూడా కెరటిన్ తోనే ఏర్పడినా, పక్షుల ఈకలలోని కెరటిన్ వేరొక రకానికి చెందినది. ఈక మధ్యలో గట్టి కాడ ఉంటుంది. కాడకు రెండు వైపులా సన్నని పాయలు, ఒక్కొక్క పాయకు మరింత సన్నని ఉపపాయలు ఉంటాయి. ఉపపాయల చివర కంటికి కనిపించని కొక్కేలు ఉండి, పక్కనున్న ఉపపాయలను పట్టుకుంటాయి. ఈ కొక్కేల అమరిక వల్లనే ఈక ఒక పలుచని రేకు వలె కనిపిస్తుంది, వాననీటిని లోపలికి పోనీయదు.

పై ఈకల కింద చర్మానికి ఆనుకొని మెత్తని నూగు ఈకలు ఉంటాయి. ఇవి తమ మధ్య గాలిని నిలిపి ఉంచుతాయి. కోడి శరీర ఉష్ణోగ్రత సుమారు 41 నుండి 42 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటుంది. చుట్టూ ఉన్న గాలి కంటె ఇంత వెచ్చగా ఉండే శరీరానికి ఆ గాలి పొరయే దుప్పటి. నూగు ఈకలు తడిసి ముద్దయితే ఆ పొర పోతుంది, శరీరపు వేడి త్వరగా బయటికి పోతుంది. తడిసిన కోడి వణకడానికి కారణమిదే.

సిల్కీ అనే జాతి కోళ్ళ ఈకలలో ఈ కొక్కేలు సరిగా ఏర్పడవు. అందువల్ల వాటి ఈకలు దూది వలె మెత్తగా ఉంటాయి, నీటిని ఆపలేవు. ఇటువంటి కోళ్ళను వానలో వదలరాదు. కడిగినపుడు ఇవి ఆరడానికి మిగిలిన కోళ్ళ కంటె ఎక్కువ సమయం పడుతుంది.

కోడి స్వయంగా చేసుకునే శుభ్రత

ఈకలు దువ్వుకోవడం

కోడి తోక మొదట, పైవైపున, ఒక చిన్న తైలగ్రంథి ఉంటుంది. కోడి తన ముక్కుతో ఆ గ్రంథిని నొక్కి, వచ్చిన నూనెను ఈకలకు రాసుకుంటుంది. తరువాత ఒక్కొక్క ఈకను ముక్కు సందున పెట్టి మొదటి నుండి చివరికి లాగుతుంది. ఇట్లా చేసినపుడు విడిపోయిన కొక్కేలు మళ్ళీ ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి. నూనె వలన ఈకలు పెళుసుబారకుండా ఉంటాయి.

ఈ పనికి ముక్కు కొన సరిగా ఉండటం అవసరం. ముక్కు కత్తిరించిన కోళ్ళకు, పై ముక్కు కింది ముక్కుతో కలవకుండా వంకరగా పెరిగిన కోళ్ళకు పేలు ఎక్కువగా పట్టడం దీనివల్లనే.

మట్టిలో పొర్లడం

దీనిని ధూళిస్నానం అని కూడా అంటారు. కోడి పొడి మట్టిలో గుంట తవ్వుకొని కూర్చుంటుంది. రెక్కలు విదిల్చి, కాళ్ళతో గీరి, మట్టిని ఈకల సందులలోకి ఎగదోసుకుంటుంది. కొంతసేపు పక్కకు ఒరిగి కదలకుండా పడుకుంటుంది. చివరకు లేచి ఒళ్ళు విదిలించి మట్టిని దులుపుకుంటుంది. కొత్తగా కోళ్ళను పెంచేవారు ఒరిగి పడుకున్న కోడిని చూసి జబ్బు చేసిందని భయపడుతుంటారు. వీలున్న కోడి సుమారు రెండు రోజులకొకసారి, ఎక్కువగా మధ్యాహ్న సమయంలో, అరగంట వరకు ఇట్లా పొర్లుతుంది.

ఈకలపై పాతబడి జిడ్డుగా మారిన నూనెను మట్టి పీల్చుకొని తనతోపాటు రాలిపోతుంది. పేలు కొన్ని దానితో రాలిపోతాయి. ఈ అలవాటు ఎంత బలమైనదంటే, తీగ పంజరాలలో ఉండి మట్టి దొరకని కోళ్ళు కూడా వట్టి తీగల మీదనే పొర్లుతున్నట్లు కదలికలు చేస్తాయి. ఐరోపా సమాఖ్య 1999లో చేసిన నిబంధనల ప్రకారం 2012 జనవరి 1 నుండి అక్కడ గుడ్ల కోళ్ళకు పాతకాలపు ఇరుకు పంజరాలు నిషేధించబడ్డాయి. గీరుకోవడానికి, పొడుచుకోవడానికి వీలుగా పొట్టు వంటి పరుపు ఉండాలనేది ఆ నిబంధనలలో ఒక భాగము.

పెరటిలో ఇందుకు ఏర్పాటు చేయడం సులభము. వాన తగలని చోట ఒక వెడల్పాటి తొట్టిలో గాని, గుంటలో గాని జానెడు లోతున పొడి మట్టి, సన్నని ఇసుక కలిపి వేస్తే చాలును. పల్లెలలో పొయ్యి బూడిద కూడా కొద్దిగా కలుపుతారు. బూడిద పూర్తిగా చల్లారి, పొడిగా ఉండాలి. తడిసిన బూడిద క్షారగుణం వలన చర్మాన్ని మండిస్తుంది. మరీ మెత్తని పొడులు ఎక్కువగా వేయరాదు. పక్షుల శరీరంలో ఊపిరితిత్తులకు తోడు గాలి సంచులు కూడా ఉంటాయి. కాబట్టి పీల్చిన ధూళి వాటికి త్వరగా హాని చేస్తుంది.

ఈకలు రాల్చడం

పెద్ద కోళ్ళు సాధారణంగా సంవత్సరానికొకసారి, పగటి కాలం తగ్గుతున్న రోజులలో, పాత ఈకలు రాల్చి కొత్తవి తెచ్చుకుంటాయి. ఇది తల దగ్గర మొదలై మెడ, రొమ్ము, వీపు మీదుగా రెక్కలకు, తోకకు చేరుతుంది. ఈకలు దాదాపుగా మాంసకృత్తులే కనుక ఈ కాలంలో కోడికి మాంసకృత్తులు ఎక్కువగా కావాలి. పెట్టలు గుడ్లు పెట్టడం తగ్గిస్తాయి లేదా మానుతాయి. కొత్తగా మొలిచే ఈక కాడలో రక్తం ఉంటుంది. తాకితే కోడికి నొప్పి కలుగుతుంది, విరిగితే రక్తం కారుతుంది. కాబట్టి ఈకలు రాల్చే కాలంలో కోడిని కడగరాదు, వీలైనంత వరకు పట్టుకోరాదు.

నీటితో కడగవలసిన సందర్భాలు

* మలద్వారం చుట్టూ ఉన్న ఈకలకు పెంట అంటుకొని గట్టిపడినపుడు.
* గుడ్డు గూటిలో పగిలి సొన ఈకలకు అంటినపుడు. దీనిని వదిలివేస్తే ఇతర కోళ్ళు ఆ చోట పొడుస్తాయి.
* నూనె, రంగు, బురద వంటివి అంటి కోడి స్వయంగా తొలగించుకోలేనపుడు.
* ముసలితనం వల్ల గాని, కుంటితనం వల్ల గాని కోడి మట్టిలో పొర్లలేనపుడు.
* ప్రదర్శనకు తీసుకువెళ్ళే ముందు.

వీటిలో మొదటి నాలుగు సందర్భాలలో కూడా మురికి పట్టిన భాగాన్ని మాత్రమే కడగడం మేలు. శరీరమంతా తడపడం చివరి మార్గము.

కడగకూడని సందర్భాలు

చలి రోజులలోను, ముసురు పట్టిన రోజులలోను, సాయంత్రం పూట కోడిని కడగరాదు. నీరసంగా ముడుచుకున్న కోడిని, గురక శబ్దంతో ఊపిరి తీసే కోడిని, పొదుగు మీద ఉన్న పెట్టను, పిల్లలను పూర్తిగా తడపరాదు. తెలుగు ప్రాంతాలలో ఎండాకాలంలో కోడి వడదెబ్బకు గురై నోరు తెరిచి వగరుస్తుంటే బకెట్టులో ముంచడం పొరపాటు. నీడకు చేర్చి, చల్లని తాగునీరు ఇచ్చి, కాళ్ళు, తమ్మె, జుట్టు మాత్రమే తడపాలి. ఈకలు లేని ఈ భాగాల నుండియే కోడి తన వేడిని ఎక్కువగా బయటికి పంపుతుంది.

కడిగే విధానము

కావలసిన వస్తువులు: రెండు లేక మూడు వెడల్పాటి తొట్లు లేదా బకెట్లు, గోరువెచ్చని నీరు, వాసన తక్కువగా ఉండే చంటిపిల్లల షాంపూ, మెత్తని పాత బ్రష్షు, రెండు పొడి తువ్వాళ్ళు. బట్టల సబ్బు, గిన్నెలు తోమే పొడి, ఫినాయిలు వాడరాదు. ఎండ ఉన్న రోజున ఉదయం తొమ్మిది, పది గంటల ప్రాంతం ఇందుకు అనువైన సమయము.

1. నీరు 35 నుండి 38 డిగ్రీల మధ్య ఉండాలి. ఉష్ణమాపకం లేకపోతే మోచేతిని ముంచి చూడాలి. వెచ్చగా అనిపించాలి, చురుక్కుమనరాదు. చల్లని నీరు కోడిని వణికిస్తుంది. మరీ వేడి నీటిలో కోడి సొమ్మసిల్లుతుంది.
2. కోడిని రెండు చేతులతో, రెక్కలు శరీరానికి ఆనుకొని ఉండేటట్లు పట్టుకోవాలి. రొమ్మును గట్టిగా అదమరాదు. పక్షులకు మనుషులకు ఉన్నట్లు ఉదరవితానం ఉండదు. రొమ్ము ఎముక ముందుకు, వెనుకకు కదిలితేనే వాటికి ఊపిరి ఆడుతుంది. గట్టిగా అదిమినా, కాళ్ళు పట్టి తలకిందులుగా వేలాడదీసినా ఊపిరి ఆడక ఇబ్బంది పడతాయి.
3. కాళ్ళు మొదలుకొని నెమ్మదిగా నీటిలోకి దించాలి. నీరు భుజాల వరకే రావాలి. తల ఎప్పుడూ నీటికి పైనే ఉండాలి. మొదట రెక్కలు కొట్టుకున్నా, కొద్దిసేపటికి చాలా కోళ్ళు వెచ్చని నీటిలో స్థిమితపడతాయి. కొన్ని కళ్ళు మూసుకొని కునుకు తీస్తాయి. అప్పుడు కూడా చేయి వదలరాదు, ఎందుకంటే తల వాలితే నీరు ముక్కులోకి పోతుంది.
4. గట్టిపడిన పెంటను ఐదు నుండి పది నిముషాలు నాననివ్వాలి. ఎండినదాన్ని పీకితే ఈకలతోపాటు చర్మం కూడా ఊడుతుంది.
5. కొద్దిగా షాంపూ నీటిలో కలిపి, తల వైపు నుండి తోక వైపుకు, ఈకలు పెరిగే దిశలోనే చేతితో రాయాలి. బట్ట ఉతికినట్లు రుద్దితే ఉపపాయల కొక్కేలు విరిగి ఈకలు చెదిరిపోతాయి.
6. కాళ్ళను మెత్తని బ్రష్షుతో తోమాలి. ముఖాన్ని తడిబట్టతో తుడిస్తే చాలును. కళ్ళు, ముక్కు రంధ్రాలు, చెవుల మీద నీరు పోయరాదు.
7. రెండవ తొట్టిలోని వెచ్చని నీటితో షాంపూ పూర్తిగా పోయే వరకు కడగాలి. మిగిలిపోయిన షాంపూ ఈకలను జిగటగా చేస్తుంది. తరువాత కోడి దువ్వుకునేటపుడు దాని కడుపులోకి కూడా పోతుంది. కొందరు చివరి నీటిలో ఒకటి రెండు చెంచాల వెనిగరు కలిపి, సబ్బు జిడ్డును పోగొడతారు.

ఆరబెట్టడం

స్నానం కంటె ఆరబెట్టడమే కష్టమైన పని. ముందుగా ఈకలలోని నీటిని అరచేతితో తోక వైపుకు నెమ్మదిగా దింపాలి. తరువాత తువ్వాలులో చుట్టి, నీరు పీల్చుకునే వరకు అద్దాలి. గాలి విసురు లేని ఎండలో, పక్కనే నీడ కూడా ఉండేటట్లు, శుభ్రమైన గడ్డి మీద గంప కింద ఉంచవచ్చును. జుట్టు ఆరబెట్టే యంత్రం వాడితే తక్కువ వేడిలో, జానెడు కంటె ఎక్కువ దూరంలో, ఒకే చోట నిలపకుండా వాడాలి.

పై ఈకలు ఆరినట్లు కనిపించినా లోపలి నూగు తడిగానే ఉండవచ్చును. వేళ్ళతో ఈకలు విడదీసి చర్మం వరకు చూడాలి. పూర్తిగా ఆరే వరకు కోడిని మందలోకి గాని, రాత్రి గూటికి గాని పంపరాదు. కడగడం వలన కొంత నూనె పోతుంది కనుక, ఒకటి రెండు రోజులు కోడి వానలో తడవకుండా చూడాలి.

మలద్వారం వద్ద మురికి

కోడి వెనుక భాగం మురికిగా ఉండటం శుభ్రతకు సంబంధించిన సమస్యగా కనిపించినా, తరచుగా అది రోగ లక్షణము. పురుగులు, పేలు, మేతలో మార్పు, మలద్వారపు వాపు వంటి కారణాల వలన ఇది జరుగుతుంది. ఆకుపచ్చని విరేచనాలు, మెడ వంకర తిరగడం కొక్కెర తెగులు (రాణిఖేత్ వ్యాధి) లక్షణాలలో ఉన్నాయి. రక్తంతో కూడిన విరేచనాలు కాక్సిడియోసిస్ వ్యాధిని సూచిస్తాయి. కడిగిన కొద్ది రోజులకే మళ్ళీ మురికి చేరుతుంటే కడగడం ఆపి కారణం వెతకాలి, పశువైద్యుని సంప్రదించాలి.

ఈ మురికిని వదిలివేయడం వలన కలిగే పెద్ద అపాయం ఈగల నుండి వస్తుంది. వెచ్చని, తేమ గల రోజులలో ఈగలు పెంట అంటిన ఈకలపై గుడ్లు పెడతాయి. ఒక రోజులోనే వాటి నుండి పురుగులు వెలువడి చర్మాన్ని, కండను తినడం మొదలుపెడతాయి. పై ఈకలు కప్పి ఉండటం వలన ఇది బయటికి కనిపించదు. దుర్వాసన, నీరసం కనిపించే సరికి కోడి చావుకు దగ్గర కావచ్చు. వానాకాలంలో వారానికొకసారి ప్రతి కోడిని ఎత్తి తోక కింద చూడటం వలన ఈ నష్టాన్ని నివారించవచ్చును.

కోడిపిల్లల విషయము

పిల్లలకు ఒంటిపై నూగు మాత్రమే ఉంటుంది. మొదటి కొన్ని వారాలు అవి తమ శరీర ఉష్ణోగ్రతను తామే నిలుపుకోలేవు. తల్లి రెక్కల కింది వేడి గాని, దీపపు వేడి గాని కావాలి. వీటిని ఎప్పుడూ నీటిలో ముంచరాదు. రెట్ట మలద్వారానికి అడ్డుపడి గట్టిపడితే పిల్ల విసర్జించలేక చనిపోతుంది. అప్పుడు గోరువెచ్చని నీటిలో ముంచిన దూదితో ఆ చోటు నానబెట్టి, నెమ్మదిగా తుడిచి, ఆరబెట్టి వెంటనే వెచ్చదనానికి చేర్చాలి. కొత్తగా పొదిగిన పిల్లకు మలద్వారం కంటె ముందు, పొట్ట వైపున, బొడ్డు మచ్చ ఉంటుంది. దానిని మురికి అనుకొని లాగితే పేగులకు గాయమై పిల్ల చనిపోయే ప్రమాదమున్నది.

పేలు, నల్లులు

కోడిపేలు గడ్డి రంగులో ఉండి, ఈకలు విడదీసినపుడు చర్మంపై పరుగెత్తుతూ కనిపిస్తాయి. వీటి జీవితమంతా కోడి మీదనే గడుస్తుంది. వీటి గుడ్లు (ఈపులు) ఈకల మొదట తెల్లని ముద్దలుగా అంటుకొని ఉంటాయి. నీటితో కడిగితే కొన్ని పేలు పోతాయి కాని ఈపులు పోవు. అవి వారం లోపల పొదగబడతాయి కనుక ఏ చికిత్స అయినా ఒకసారితో సరిపోదు. వారం పది రోజుల తరువాత మళ్ళీ చేయాలి.

మైట్లు అని పిలిచే సూక్ష్మమైన నల్లులు వేరు. వీటిలో ఎర్ర నల్లి పగలు గూటి చెక్కల సందులలో దాగి, రాత్రి వచ్చి కోడి రక్తం పీలుస్తుంది. పగలు కోడిని ఎంత వెతికినా కనిపించదు. జుట్టు పాలిపోవడం, సాయంత్రం గూటిలోకి వెళ్ళడానికి కోళ్ళు నిరాకరించడం దీని గుర్తులు. ఇట్టి సందర్భంలో శుభ్రం చేయవలసినది కోడిని కాదు, గూటిని. సందులు గీకి, వేడినీరు పోసి, ఎండబెట్టి, సున్నం వేయాలి. పొదుగు మీద ఉన్న పెట్ట రోజులో కొద్దిసేపే గూడు దిగుతుంది, మట్టిలో పొర్లే వ్యవధి తక్కువ. కాబట్టి దానిపై పేలు, నల్లులు త్వరగా పెరుగుతాయి. పొదుగు గంపలో గడ్డిని మార్చడం అవసరము. తెలుగు పల్లెలలో గంప అడుగున వేపాకు వేయడం ఈ ఉద్దేశంతోనే.

పంటలపై చల్లే పురుగుమందులను, కిరోసిన్‌ను కోడి ఒంటికి రాయడం ప్రమాదకరము. మందు చర్మం ద్వారా లోపలికి పోతుంది. కోడి దువ్వుకునేటపుడు నోటిలోకి పోతుంది. గుడ్లలోకి కూడా చేరుతుంది. 2017లో నెదర్లాండ్స్, బెల్జియం దేశాలలో ఎర్ర నల్లుల నివారణకు ఫిప్రోనిల్ అనే మందును కోళ్ళఫారాలలో నిబంధనలకు విరుద్ధంగా వాడటం వల్ల అది గుడ్లలో కనిపించింది. ఫలితంగా ఐరోపాలో లక్షలాది గుడ్లను దుకాణాల నుండి వెనుకకు తీసుకున్నారు. పశువైద్యుడు సూచించిన మందునే, సూచించిన మోతాదులో వాడాలి. ఎన్ని రోజులు గుడ్లు తినరాదో కూడా అడిగి తెలుసుకోవాలి.

ప్రదర్శనల కొరకు స్నానం

కోళ్ళను అందం కొరకు పెంచి పోటీలకు తీసుకువెళ్ళే అలవాటు 19వ శతాబ్దంలో ఇంగ్లండు, అమెరికాలలో బలపడింది. 1845లో లండన్ జంతుప్రదర్శనశాలలో, 1849లో అమెరికాలోని బోస్టన్‌లో కోళ్ళ ప్రదర్శనలు జరిగాయి. 1873లో అమెరికన్ పౌల్ట్రీ అసోసియేషన్, 1877లో బ్రిటన్‌లో పౌల్ట్రీ క్లబ్ స్థాపించబడ్డాయి. జాతుల లక్షణాలను నిర్ణయించే ప్రమాణ గ్రంథాలలో ఈకల రంగు, అమరికలకు ప్రముఖ స్థానమున్నది.

ప్రదర్శనకు రెండు మూడు రోజుల ముందు కోడిని కడుగుతారు. ఈ వ్యవధిలో కోడి తన నూనెను మళ్ళీ రాసుకొని ఈకలకు సహజమైన మెరుపు తెచ్చుకుంటుంది. తెల్ల కోళ్ళను కడిగే చివరి నీటిలో బట్టలకు వాడే నీలి మందు చుక్కలు వేసే పద్ధతి కూడా ఉన్నది. ఎక్కువైతే కోడి నీలంగా మారుతుంది. కోచిన్, బ్రహ్మ వంటి జాతులకు కాళ్ళ మీద కూడా ఈకలుండటం వలన వాటి పాదాలకు ప్రత్యేక శ్రద్ధ అవసరము.

తెలుగు ప్రాంతాలలో

తెలుగువారు కోళ్ళను ఈకల రంగును బట్టి గుర్తించి పేర్లు పెట్టారు. నల్లని ఈకలు గలది కాకి, తెల్లనిది సేతువ, ఎర్రనిది డేగ. మెడపై నలుపు, తెలుపు ఈకలు కలిసినది పర్ల. ఎరుపు, బూడిద రంగులు కలిసినది మైల. ఈ పేర్లు కుక్కుటశాస్త్ర సంప్రదాయంలోను, గోదావరి, కృష్ణా జిల్లాల వ్యవహారంలోను కనిపిస్తాయి. సంక్రాంతికి ముందు పుంజులకు నీళ్ళు పోయడం, ఈదించడం ఈ ప్రాంతంలో ఉన్న అలవాటు. అయితే కోడిపందేలు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ జూద చట్టం కింద నేరము.

హైదరాబాదులోని రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధనా సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటి రకాలు రంగుల ఈకలతో ఉండి, పెరటి పెంపకానికి అనువైనవి. పెరటిలో తిరిగే ఇటువంటి కోళ్ళకు పొడి మట్టి అందుబాటులో ఉంటే స్నానం చేయించవలసిన అవసరం అరుదు.

మనుషుల ఆరోగ్యము

పైకి ఆరోగ్యంగా కనిపించే కోళ్ళ పెంటలో కూడా సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ అనే సూక్ష్మజీవులు ఉండవచ్చును. కాబట్టి కోళ్ళను వంటగదిలోను, గిన్నెలు కడిగే తొట్టిలోను కడగరాదు. ఇందుకు వాడే తొట్టిని, తువ్వాళ్ళను విడిగా ఉంచుకోవాలి. పని ముగిసిన తరువాత చేతులను సబ్బుతో కడుక్కోవాలి. ఐదేళ్ళ లోపు పిల్లలను ఈ పనికి దూరంగా ఉంచడం మంచిది. ఈకల ధూళి పడనివారు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.

భారతదేశంలో కోళ్ళలో బర్డ్ ఫ్లూ మొదటిసారి 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బయటపడింది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలోని కోళ్ళఫారాలలో కూడా కనిపించింది. చుట్టుపక్కల కోళ్ళు హఠాత్తుగా చనిపోతున్నపుడు జబ్బు కోడిని గాని, చనిపోయినదానిని గాని కడగడం, ఈకలు తీయడం చేయరాదు. వెంటనే పశుసంవర్ధక శాఖవారికి తెలియజేయాలి.

ఇవి కూడా చూడండి

* కోడి
* ఈక
* నాటుకోళ్ళ పెంపకం
* కొక్కెర తెగులు
* కోడిపందెం